కార్డు లేని చెయ్యి

నా పదవీ విరమణ రోజున ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, నేను మూగజీవాల సేవలో తరించానన్నాడు. నేను తరించలేదు. ముప్పై ఏళ్ళు భుజం దాకా తడిశాను, అంతే. మూగజీవాలన్న మాట కూడా అబద్ధం. ఈనలేక అవస్థ పడుతున్న గేదె పక్కన ఒక్క గంట నిలబడినవాడెవడూ దాన్ని మూగదనడు.

పశువుల ఆసుపత్రుల్లో కొత్తగా చేరుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకొచ్చిన ఇంక్రిమెంట్లూ, నా బదిలీలూ వదిలేస్తాను. వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు. నేర్చుకున్నదంతా భిలాయిలో ఒక మండలి వల్ల. ఇరవై నలుగురు సభ్యులు. నేను కార్యదర్శిని. కష్టపు ఈతల్లో గేదె కడుపులో చెయ్యి పెట్టే అర్హత ఎవరికుందో తేల్చే మండలి అది. ఆ అర్హత నాకు లేదని తేల్చింది కూడా అదే.

ఆరో తరగతి

విజయనగరం దగ్గర మా ఊళ్ళో ఆరో తరగతి దాకా ఉండేది. ఏడో తరగతి పక్క ఊళ్ళో. వెళ్ళడానికి వానాకాలం పొంగే గెడ్డ అడ్డం, ఎండాకాలం మా నాన్న అడ్డం. అక్కడితో ఆగిపోయాను. మా అన్నయ్యకు భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చి, సెక్టర్ 2లో క్వార్టరిస్తే నేనూ ఆయన వెనకే రైలెక్కాను. కర్మాగారంలో నాకు పని దొరకలేదు గాని, పశువుల ఆసుపత్రిలో డ్రెస్సరుగా దొరికింది. డ్రెస్సరంటే కాగితం మీద కట్లు కట్టేవాడు. నిజానికి డాక్టరు చొక్కా మాయకుండా చూసేవాడు.

ఒకరోజు సెక్టర్ 6 బజారులో చిత్తుకాగితాల దుకాణంలో ఒక లావుపాటి పుస్తకం కనిపించింది. ఇంగ్లీషు. పేజీ తిప్పితే, ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగి ఉన్న బొమ్మ. తూకానికి కొన్నాను. నిఘంటువు ఇంకో దుకాణంలో కొన్నాను. అందులో మిగిలి ఉన్న మొదటి పేజీ అర్థం కావడానికి పదకొండు రోజులు పట్టింది. రెండేళ్ళకు పుస్తకమంతా అయింది. నాకు ఇంగ్లీషు రాదు, ఆ పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు మాత్రం వచ్చు. బాగున్నావా అని ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే ఇప్పటికీ తడబడతాను. దూడ ముందుకాలు మోకాలి దగ్గర మడతపడితే ఏం చెయ్యాలో అడిగితే తడబడను.

భిలాయి అంచున మరోదాలో అప్పట్లో ఖటాళ్ళు, అంటే పాలమ్మేవాళ్ళ గేదెల కొట్టాలు, వరసగా ఉండేవి. సెక్టర్లకు పాలు అక్కణ్ణుంచే వెళ్ళేవి. వాటిలో ఒకటి పైడమ్మది. శ్రీకాకుళం వైపు మనిషి. మొగుడు అప్పన్న కర్మాగారంలో కోక్ ఓవెన్ల దగ్గర షిఫ్టులు చేసేవాడు. పన్నెండు గేదెల్నీ, మొగుణ్ణీ ఆవిడ ఒకే గొంతుతో అదిలించేది. డెబ్భైల మొదట్లో ఒక ఆదివారం ఆవిడ గేదె ఈతలో చిక్కుకుంది. ఆసుపత్రి డాక్టరు ఊళ్ళో లేరు. అప్పన్న సైకిలు మీద వచ్చి నన్ను తీసుకుపోయాడు.

నేను గేదె వెనక నిలబడి, పుస్తకంలో చదివింది మనసులో నెమరు వేసుకుంటున్నాను. పైడమ్మ చూసింది.

"ఏటి బావూ, దండకం సదూతన్నావా? సెయ్యెడతావా, నన్నెట్టమంతావా?"

పెట్టాను. దూడ మెడ వెనక్కి తిరిగి ఉంది. పుస్తకం బొమ్మలో ఉన్నట్టే ఉంది. బొమ్మలో లేనిదేమిటంటే, గేదె నొప్పి తీసినప్పుడల్లా నా చెయ్యి రెండు ఇటుకల మధ్య నలిగినట్టు అవుతుందని. ముప్పావుగంటకు దూడ బతికి బయటికి వచ్చింది. ఈనిన గేదె జున్నుపాలు మొదట చెయ్యి పెట్టినవాడి ఇంటికి పంపడం మావాళ్ళ ఆచారం. ఆ సాయంత్రం మా వదిన జున్ను వండుతూ, "ఈ మాత్రం పని వచ్చని ముందే చెప్పొచ్చు కదా మరిదీ" అంది.

తర్వాత ఐదారేళ్ళు మరోదాలో కష్టపు ఈతలన్నీ నావే. ఆ పనే నా బతుకు. ఆసుపత్రిలో కట్టే కట్లు ఉద్యోగం, అంతే.

స్కూటరు

గురువులు అని ఒకాయన ఉండేవాడు. మావైపువాడే. పశువుల మందుల దుకాణం. మెట్రిక్ సెకండ్ డివిజన్‌లో పాసయ్యాడు. ఆ సంగతి మీతో పరిచయమైన రెండో నిమిషంలో చెప్పేవాడు. మందులమ్ముతూ అమ్ముతూ వైద్యంలోకి దిగాడు. ఒక ఖటాల్లో దూడ రాకపోతే, కాళ్ళకు తాడు కట్టి, ఆ తాడు రెండో కొస తన స్కూటరుకు కట్టి లాగించాడు. దూడ వచ్చింది. దాంతోపాటు గర్భసంచీ వచ్చింది. గేదె పోయింది.

ఖటాళ్ళవాళ్ళు కర్రలు పట్టుకుని దుకాణం ముందుకు వచ్చారు. అప్పుడు కలగజేసుకున్నవారు త్రిపాఠీ డాక్టరుగారు. ప్రభుత్వంలో పశువైద్యుడిగా చేసి విరమించినవారు. నిలువుగీత లాంటి మనిషి. వేళ్ళకు వాతం పట్టి పని మానేశారు గాని, నాకు తెలిసినంతలో ఆయనంత పని తెలిసినవాడు ఆ చుట్టుపక్కల లేడు. హిందీలోనే మాట్లాడేవారు. నేను తెలుగులో రాస్తున్నాను.

ఆయనన్నారు: "పశువుల్ని ముట్టుకునేవాళ్ళందరూ ఒక మండలిగా కూడాలి. కష్టపు ఈతకు వేరే పరీక్ష పెడదాం. పాసైనవాడికి కార్డు. కార్డు లేని చెయ్యి గేదె లోపలికి వెళ్ళకూడదు. వెళితే మండలి నుంచి పేరు కొట్టేద్దాం."

ఖటాళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. మేమూ చప్పట్లు కొట్టాం. త్రిపాఠీగారిని అధ్యక్షుణ్ణి చేశారు, నా దస్తూరి బాగుంటుందని నన్ను కార్యదర్శిని చేశారు. పోస్టుకార్డులు రాయడం, చాపలు వేయడం, టీలు చెప్పడం. మూడు నెలల తర్వాత నియమాలు రాసేటప్పుడు త్రిపాఠీగారు చెబుతున్నారు, నేను రాస్తున్నాను: పరీక్షకు కూర్చోవాలంటే మెట్రిక్ పాసై ఉండాలి. రాస్తున్న కలం ఆగిపోయింది.

"సాబ్, నాది ఆరు."

"తెలుసు. రాయి."

రాశాను. మొదటి కార్డు ఎవరికి వచ్చిందో చెప్పాలా? గురువులుకు. రాత పరీక్షలో మంచి మార్కులు. స్కూటరు గురించి ప్రశ్న లేదు. వాడి పేరు కార్డు మీద నా చేత్తోనే, వంకులు తిప్పి మరీ రాశాను. అలాగే ఇంకో ఎనిమిదిమందికి రాశాను. అందులో ముగ్గురు గేదెను వెనక నుంచి చూడటం కూడా అరుదు.

త్రిపాఠీగారి మీద నాకు కోపం చాలా కాలం ఉంది. ఇప్పుడు న్యాయంగా చెబుతాను. చదువురానివాళ్ళ మొరటుతనం వల్ల చచ్చిన పశువుల్ని ఆయన లెక్కలేనన్ని చూశారు. అందుకని చదువును తడికెలా కట్టారు. తడికె కట్టడం తప్పు కాదు. గురువులు తడికె లోపల ఉన్నాడని చూసుకోకపోవడం తప్పు.

మండలికి రానివాళ్ళు

ఆ ఏడు దీపావళి దాకా గడువిచ్చారు. తర్వాత కార్డు లేకుండా చెయ్యి పెట్టినట్టు మండలి పుస్తకంలోకి ఎక్కితే పేరు కొట్టేస్తారు, ఏ ఖటాలూ పిలవదు. నాకున్న దారి ఒక్కటే. మెట్రిక్ నియమాన్ని సవరించాలి. సవరించాలంటే ఇరవై నలుగురిలో పదహారుమంది సభకు రావాలి.

మా సభకు ఎందరొచ్చేవారంటే, ఐదుగురు. నెలకొక ఆదివారం నాలుగింటికి అంటే త్రిపాఠీగారు సరిగ్గా నాలుగింటికి లేచి, "ఉపస్థిత సజ్జనులారా" అని మొదలుపెట్టేవారు. ఉపస్థిత సజ్జనులు నేనూ, బుధ్‌రామ్ రౌత్. బుధ్‌రామ్ పశువుల్ని కాసే రౌత్ కులం పెద్దాయన. అక్షరం రాదు. ప్రతి సభకూ వచ్చేవాడు, ఏ సభలోనూ మాట్లాడేవాడు కాదు. ఖాళీ చాపల ముందు అరగంట ఉపన్యాసం నడిచేది. మిగతా ఇద్దరు టీ వేళకు వచ్చేవాళ్ళు.

ఒకసారి ఉపాధ్యక్షుడి ఎన్నికకు గురువులు తొమ్మిది చీటీలు పట్టుకొచ్చాడు. రానివాళ్ళు తమ ఓటు ఫలానావారికని రాసి ఇచ్చిన చీటీలు. తొమ్మిదీ గురువులుకే. తొమ్మిదీ ఒకే సిరా. నాకు ఒళ్ళు మండింది. అప్పటికప్పుడు ఒక నియమం ప్రతిపాదించాను: చాప మీద కూర్చుని చెయ్యి ఎత్తినవాడే హాజరు, ఇంకెవడూ హాజరు కాడు. పదహారుమంది కావలసింది పాత నియమం మార్చడానికే; ఇది కొత్తది కనక త్రిపాఠీగారు మెచ్చుకుని వెంటనే రాయమన్నారు. ఎర్ర సిరాతో గీత కూడా గీశాను దాని కింద. తెలివైనవాడి కోపం కన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి లేదు. తనకు తానే గొయ్యి తవ్వుకుని, లోతు బాగా వచ్చిందని చూసుకుంటాడు.

సవరణ కోసం సైకిలు మీద ఇంటింటికీ తిరిగాను. ఒకడు తప్పకుండా వస్తానని చెప్పి, నేను వీధి మలుపు తిరగకముందే తలుపేసుకున్నాడు. ఇంకొకాయన, "అన్నా, నీకే నా మద్దతు. నేను వస్తే ఎంత, రాకపోతే ఎంత?" అన్నాడు. పదహారుకు ఒకటి తక్కువైతే ఎంతో చెప్పాను. "అబ్బో, లెక్కలు మనకెందుకన్నా" అన్నాడు.

విసిగిపోయి పైడమ్మ ఖటాల్ అరుగు మీద కూలబడ్డాను. విషయం చెప్పాను. ఆవిడ పేడ తట్ట దించి అంది, "సభకి రమ్మంతే ఎవుడొత్తాడు బావూ. తినడానికి రమ్మను. గురువారం నా నల్లగేదె ఈన్తాది. జున్ను ఎడతానని సెప్పు. ఆంధ్రా ఒదిలినకాడ్నించి జున్ను మొకం సూడనోలు, పాక్కుంటా వొత్తారు."

నాకు అవమానంగా అనిపించింది. సిద్ధాంతం కోసం పిలవాల్సినవాళ్ళను జున్నుకు పిలవడమా? అయినా పోస్టుకార్డులు రాశాను. అన్నిటిమీదా సవరణ గురించి నాలుగు వాక్యాలు, జున్ను గురించి ఒకటి.

పదహారు

నల్లగేదె మాట నిలబెట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకే పన్నెండుమంది. నాలుగింటికి పదహారు. హిందీవాళ్ళు కూడా వచ్చారు. జున్ను అంటే ఏమిటని వాళ్ళు అడుగుతుంటే మావాళ్ళు కళ్ళు మూసుకుని వర్ణిస్తున్నారు. పైడమ్మ పశువుల పాక పక్కన తాటాకు పందిరి కింద చాపలు. ఎప్పుడూ ఖాళీ చాపలతో మాట్లాడే త్రిపాఠీగారు ఇన్ని తలకాయలు చూసి తడబడి, "ఉపస్థిత సజ్జనులారా" రెండుసార్లన్నారు.

జున్ను సభ తర్వాతే పెట్టమని పైడమ్మతో ముందే చెప్పాను. ఇంతమంది మీద నాకు ఆమాత్రం అంచనా ఉంది.

నేను నా ప్రసంగం మొదలుపెట్టాను. రెండు నెలలుగా తయారు చేసుకున్నది. మూడో వాక్యంలో ఉండగా పాకలోంచి పైడమ్మ కేక.

"బావూ, గౌరి నొప్పులు తీత్తంది. ఒక కాలే అవుపడతంది."

గౌరి ఇంకో గేదె, తొలిచూలు. పందిరి కింద తొమ్మిదిమంది కార్డులవాళ్ళు ఉన్నారు. తొమ్మిదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీరు పెద్దలు" అని ఒకడు, "మీ చెయ్యి సన్నం" అని ఇంకొకడు. చివరికి గురువులు లేచి చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

పైడమ్మ పందిరి దాకా వచ్చింది. "స్కూటరెక్కడెట్టినావు గురువులూ?"

పందిరంతా నవ్వింది. గురువులు గుండీలు మళ్ళీ పెట్టుకుని కూర్చున్నాడు.

"మరి ఎవులొత్తారు? తొమ్మండుగురికి కార్డులున్నాయి కదేటి. ఆ కార్డులు ఎడితే వొచ్చేత్తాదా దూడ?" అని ఆవిడ తిన్నగా నా దగ్గరికి వచ్చి, చేతిలో ప్రసంగం కాగితాలు లాగేసుకుంది. "నువ్వు లెగు."

నేను త్రిపాఠీగారి వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి ధోవతి అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. కళ్ళజోడు లేకపోతే ఆయనకు గజం దూరం కనిపించదు. ఎంతకూ తుడవడం ఆపలేదు. నాకర్థమైంది. లేచి పాకలోకి వెళ్ళాను.

ఒక ముందుకాలు బయటుంది, రెండోది లోపల మడత పడింది. ఎర్ర సబ్బుతో భుజం దాకా కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని చెయ్యి పెట్టాను. దూడను లోపలికి నెట్టాలి, గిట్టను అరచేతిలో మూసి తిప్పి తీసుకురావాలి. గిట్ట మొన గర్భసంచికి తగలకూడదు. చెప్పడానికి అంతే. ఎడమచేత్తో గౌరి తోక పట్టుకుని, చెంప దాని తుంటికి ఆనించి నిలబడ్డాను. పందిరి నాకు పన్నెండు అడుగుల దూరం. ప్రతి మాటా వినిపిస్తోంది.

"ఎంతసేపు కూకోబెడతారండీ, జున్ను సల్లారిపోతాది" అన్నదెవరో. ఓటు పెట్టెయ్యండని ఇంకెవరో. త్రిపాఠీగారు గొంతు సవరించుకున్నారు.

"సవరణ మీద ఓటింగ్. ముందు హాజరు. చేతులెత్తండి."

గిట్ట అప్పుడే అరచేతిలోకి వచ్చింది. వదిలితే మళ్ళీ దొరుకుతుందో లేదో.

"పదిహేను" అన్నారు ఆయన.

"నేను ఇక్కడున్నాను సాబ్" అని పాకలోంచి అరిచాను.

"మాటలు లెక్కకు రావు" అన్నది గురువులు గొంతు. "చాప మీద కూర్చుని చెయ్యి ఎత్తినవాడే హాజరు. ఎవరు రాసిన నియమం? ఎర్ర సిరా గీత కూడా ఉంది."

"సెయ్యెత్తమంతే ఎలా ఎత్తుతాడయ్యా?" పైడమ్మ నా పక్కనుంచి పందిరి వైపు అరిచింది. "అది గేదెలో ఉంది."

"రెండోది ఎత్తమను."

"దాంతో తోకట్టుకున్నాడు. నువ్వొచ్చి తోకట్టుకో, ఎత్తుతాడు."

ఎవరూ రాలేదు. తోక పట్టుకోవడానికి కార్డు అక్కర్లేదు. అయినా రాలేదు. ఎత్తినా చాప మీద కాదు కదా అని ఒకాయన, చాప తీసుకెళ్ళి వాడి కాళ్ళ కింద వేద్దామని ఇంకొకాయన, పేడలో చాప పాడవుతుందని చాప సొంతదారు. వాదన జోరుగా సాగుతుండగా గౌరి గట్టిగా ఒక నొప్పి తీసింది. కాలు తిన్నగా వచ్చింది. దాని వెనక మూతి, దాని వెనక దూడ.

నేను చేతులు కడుక్కుని పందిరి కిందికి వచ్చేసరికి సభ ముగిసింది. పదహారు లేరు కనక సవరణ చర్చకే రాలేదు. పదిహేనుమందీ ఆకుల్లో జున్ను తింటున్నారు. ఒకాయన నన్ను చూసి, "బెల్లం కొంచెం ఎక్కువైంది గాని, బాగుంది" అన్నాడు.

మినిట్స్

కార్యదర్శిని నేనే కదా. సభ వివరాలు నేనే రాయాలి. మర్నాడు త్రిపాఠీగారింటికి పుస్తకం పట్టుకుని వెళ్ళాను. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే రాశాను.

"హాజరు పదిహేను" అన్నారు. "కార్యదర్శి గైరుహాజరు."

"సాబ్, నేను గైరుహాజరా? పన్నెండు అడుగుల దూరంలో ఉన్నాను. మీ మాట నాకు వినబడింది, నా మాట మీకు వినబడింది. పదిహేనుమంది తిన్న జున్ను నేను పిలిస్తే వచ్చిన జున్ను. గైరుహాజరని నా చేత్తో నేనే రాసుకోవాలా?"

"సరే. ఎక్కడ ఉన్నావని రాద్దాం?"

"పాకలో."

"ఏం చేస్తూ?"

దీపావళి వెళ్ళి వారమైంది. కార్డు లేదు. చెయ్యి ఎక్కడుందో పుస్తకంలోకి ఎక్కితే నా పేరు కొట్టెయ్యాలి. నియమం అది.

"గైరుహాజరైనవాడు ఎక్కడైనా ఉండొచ్చు" అన్నారు ఆయన కళ్ళజోడు సర్దుకుంటూ. "రాయి."

రాశాను. అధికారుల గురించి నాకు తెలిసిన మంచి మాట ఇదొక్కటే: నియమం గీత దాటని పై అధికారి దొరికితే తిట్టుకోండి గాని, ఆయన కళ్ళజోడు ఎప్పుడు తుడుచుకుంటున్నారో కనిపెట్టి ఉండండి.

ఆ ఒక్క వాక్యం సంగతి మాత్రం మరోదాలో పాలతోపాటు ప్రతి ఇంటికీ చేరింది. పాలు పోస్తూ పైడమ్మ చెప్పింది. దూడను తీసినవాణ్ణి గైరుహాజరని రాశారట, వాడి చేతే రాయించారట. మర్నెల సభలో కిందటి సభ వివరాలు చదివి అందరూ ఒప్పుకోవాలి. నేను ఎవరికీ పోస్టుకార్డు రాయలేదు. జున్ను లేదు. టీ కూడా చెప్పలేదు. పంతొమ్మిదిమంది వచ్చారు.

కొట్టుకున్నంత పని చేశారు. ఆ వాక్యం కొట్టెయ్యాలని సగం, ఉంచాలని సగం. గైరుహాజరుకు ముందు ‘అనివార్యంగా’ అని చేర్చాలని ఒకడు. అలాగైతే తన పాత గైరుహాజరులన్నిటికీ చేర్చమని మొదటినుంచీ రానివాడొకడు. రెండు గంటలు. ఒక్కడు లేవలేదు. లేస్తే తన వెనక ఏం తీర్మానిస్తారోనని ప్రతివాడికీ భయం. మనవాళ్ళు న్యాయం కోసం రారు, తగువు కోసం వస్తారు. సంఘాలు నడపాలనుకునేవాళ్ళు ఇది గోడమీద రాసుకోండి. వచ్చినవాళ్ళ చేత న్యాయం చేయించుకోవడం మీ నేర్పు.

ఆ నేర్పు నాకు లేకపోయింది. వాక్యం కోసం నేను కూడా గొంతు చించుకుంటున్నాను. అప్పుడు లేచాడు బుధ్‌రామ్ రౌత్. మండలి పుట్టాక ఆయన గొంతు వినడం అదే మొదటిసారి కాబట్టి అందరూ ఆగారు.

"సబ్బో ఝన్ తో బైఠే హవ్, సాహెబ్" అన్నాడు నెమ్మదిగా. అందరూ కూర్చునే ఉన్నారు కదా, ఆ సవరణ సంగతి కూడా ఇప్పుడే తేల్చెయ్యండని.

త్రిపాఠీగారు వెంటనే, ఎవరికీ ఊపిరి పీల్చే సందివ్వకుండా, చేతులెత్తమన్నారు. పన్నెండు చేతులు లేచాయి. మెట్రిక్ నియమం పోయింది. గురువులు ఇంకా వాక్యం గురించే ఏదో అంటున్నాడు. ఆ వాక్యం మాత్రం ఉండిపోయింది. మండలి పుస్తకంలో నేను ఈనాటికీ గైరుహాజరే.

పరీక్ష

నా పరీక్ష త్రిపాఠీగారి వరండాలో. నాకు ఆత్రం లేదు. మండలిలో నాకన్నా తెలిసినవాడెవడని ధీమా. తల వెనక్కి తిరిగితే? చెప్పాను. తోక ముందొస్తే? చెప్పాను. గర్భసంచి మెలి తిరిగితే? పుస్తకంలో వాక్యాలు వాక్యాలుగా అప్పజెప్పాను. ఆయన తలూపుతూనే ఉన్నారు.

"ఆఖరిది. చెయ్యి ఎప్పుడు పెట్టకూడదు?"

"కార్డు లేనప్పుడు, సాబ్" అన్నాను. ఆ ఏడంతా కడుపులో దాచుకున్న మంట.

ఆయన నవ్వలేదు. అసలు జవాబు నాకు తెలియదు. ఆయన కాగితం మీద ఏదో గీసి, "ఫెయిల్. మళ్ళీ ఎప్పుడైనా రా" అన్నారు.

ఇంటికి వచ్చి పుస్తకం తిరగేశాను. అట్టతోపాటు మొదటి పాతిక పేజీలు ముందునుంచీ లేవు. ఆ జవాబు అక్కడ ఉండే ఉంటుంది. చిత్తుకాగితాల దుకాణంవాడు వాటిలో పకోడీలు కట్టి ఉంటాడు. నెలరోజులు త్రిపాఠీగార్నీ, ఆ దుకాణంవాణ్ణీ తిట్టాను.

తిట్లు అయిపోయాక మిగిలిన దాన్ని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పైడమ్మ నల్లగేదెకు అక్క ఒకటి ఉండేది, మందలో మేలైన గేదె. దాని మూడో ఈతలో నేను తొందరపడ్డాను. ఉమ్మనీటి సంచి ఇంకా పగలలేదు, దారి తెరుచుకోలేదు. నేను వచ్చాను కదా, అందరూ చూస్తున్నారు కదా, ఏదో ఒకటి చెయ్యాలి కదా. చెయ్యి పెట్టాను. దూడ వచ్చింది, మెచ్చుకున్నారు. ఆ గేదెకు లోపల చీము పట్టింది. మళ్ళీ చూడి కట్టలేదు. ఏడుస్తూ కబేళాకు అమ్ముకుంది పైడమ్మ. గడ్డి మంచిది కాదు, అందుకే అలా అయిందని చెప్పాను నేను. ఆవిడ నమ్మింది. గురువులుకు స్కూటరుంది, నాకు లేదు. తేడా అంతే.

ఆ వేసవిలో పైడమ్మ మళ్ళీ పిలిచింది. మధ్యాహ్నం. నొప్పులు మొదలై ఎంతోసేపు కాలేదు. చొక్కా విప్పాను, కడుక్కున్నాను. గేదె పడుకుంటోంది, లేస్తోంది, నా వైపు చూస్తోంది. చెయ్యి పెట్టలేదు. తిరగేసిన బాల్చీ మీద కూర్చుని బీడీ వెలిగించాను.

పైడమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగింది. "ఏటి బావూ, పరీచ్చ పోయిందని సెయ్యి కూడా పోయిందేటి?"

"చూద్దాం ఉండమ్మా."

"సూడ్డానికి నువ్వెందుకు? నానేటి గుడ్డిదాన్నా? మా ఆయన కూకుంతాడు ఊరికే, ఆడికి బీడీలు కూడా అలవాటే."

అప్పన్న షిఫ్టుకు వెళ్ళబోతూ ఆగి, తన బీడీ కట్ట నా పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. నా జీవితంలో అంత కష్టపడి కూర్చున్న రోజు లేదు. చెయ్యి దానంతటదే లేస్తోంది. మోకాళ్ళ మధ్య ఇరికించి కూర్చున్నాను. గంటన్నర దాటాక సంచి పగిలింది. రెండు గిట్టలు, వాటిమీద మూతి, దేవుడు ఎలా పెట్టాడో అలా. గేదె తనంతట తనే ఈని, వెనక్కి తిరిగి దూడను నాకడం మొదలుపెట్టింది.

"దీనికి నువ్వు సేసిందేటి?" అంది పైడమ్మ.

"ఏమీ లేదు."

మర్నాడు త్రిపాఠీగారింటికి వెళ్ళాను. పరీక్ష కోసం కాదు. మండలి పుస్తకంలో సంతకాలు కావాలి. సంతకం పెడుతూ, కొత్త సంగతులేమిటని అడిగారు. చెప్పాను. నల్లగేదె అక్క సంగతి కూడా చెప్పాను, గడ్డి గురించి ఆడిన అబద్ధంతో సహా. ఆయన సొరుగు తీసి ఖాళీ కార్డు ఒకటి బయటపెట్టారు.

"ఎంతసేపు కూర్చున్నావు?"

"గంటన్నర పైనే, సాబ్."

"ఎన్ని బీడీలు?"

"ఐదు."

వాతం పట్టిన వేళ్ళతో ఆయన నా పేరు రాయడానికి చాలాసేపు పట్టింది. కింద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది, కార్డు నా వైపు జరిపారు.

"నేనైతే ఆరు కాల్చేవాణ్ణి" అన్నారు.